నారుమడికి గూడు

మైలవరపు ప్రాంతమున మిరప వేయు రైతు ఎకరము పొలమునకు కావలసిన నారును ఒక్క సెంటు నేలలో పెంచుకొనుచున్నాడు. 1 మీటరు వెడల్పు, 40 మీటరుల పొడవు, అరయడుగు ఎత్తు గల మడి యుండిన చాలును. తక్కిన తొంబదితొమ్మిది సెంట్ల దుక్కియు, ఎఱువును, కూలియు, అప్పును ఈ ఒక్క సెంటు మీదనే ఆధారపడి యున్నవి. అయినను మన రైతు పొలము చుట్టు ముండ్లకంప వేయించును, పాతచీరలు కట్టించును, రాత్రులు కావలి పండుకొనును. నారుమడిని మాత్రము ఎండకును వానకును పురుగునకును వదలివేసి, ఆపైన దైవమున్నాడని యింటికి బోవును. ఈ సంగతి నాకు చిరకాలము నుండి వింతగా తోచుచున్నది.

సోదర రైతులారా! నేను ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే. నారుమడికి గూడు కట్టుడు. ఆ గూడు మన యెండకు దగినదిగా నుండనిండు. వెదురుబద్దను వంచుట యెవరికైనను వచ్చును. ఆ బద్దపై ఏమి కప్పవలెనో, ఎప్పుడు తీయవలెనో తెలియుటయే అసలు పని. అది తెలియక చేసిన వారు నష్టపడిరి. అట్టివారిలో నేనును ఒకడను. ఆ కథ ముందు చెప్పుదును.

మన మైలవరము డెల్టా యంచున నున్న మెట్టసీమ. విజయవాడ యొద్ద కృష్ణ యానకట్ట 1855లో పూర్తియైన నాటినుండి క్రిందిసీమ వారికి కాలువనీరు అలవాటైనది. మనకు చెఱువులు, బోరులు ఆధారము. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము యొక్క ఎడమకాలువ చివరి భాగమున నుండుటచే ఆ నీరు వచ్చినప్పుడే వచ్చినట్లు. కాబట్టి నారు ఒకసారి చచ్చెనేని రెండవమారు పోయుటకు నీరు చాలదు. నీరు చాలినను అదను చాలదు. జూలై, ఆగష్టు నెలలలో పోయవలసిన నారు ఇరువది దినములు వెనుకబడిన యెడల నాటు వెనుకబడును, పూత వెనుకబడును, అప్పు తీర్చు గడువు మాత్రము వెనుకబడదు.

ఆ నెలలలో మన యాకాశము నమ్మదగినది కాదు. నాలుగు దినములు మబ్బు లేక వేసవిని తలపించు ఎండ కాయును. అయిదవనాడు కుండపోతగా వాన కురియును. మన కొండలలో పుట్టు బుడమేరు ఎంత త్వరగా పొంగునో 2024 ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు విజయవాడ పట్టణము కన్నులార చూచినది. ఏటికి గండి పడిన సంగతి పత్రికలలో వచ్చెను. అట్టి వానలో రెండాకుల నారుమడి యేమైనదో పత్రికలలో రాదు. ఆ మడి యజమానికే తెలియును.

వంపుబద్దలపై కప్పు వేయుట మనకు క్రొత్తవిద్య యని భయపడనక్కఱలేదు. గూడుబండిని చూడని పెద్దలు మనలో లేరు. వెదురుబద్దలను విల్లువలె వంచి, రెండు కొనలను బండి ప్రక్కలకు కట్టి, పైన చాపను పఱచినయెడల పెండ్లికూతురు మొదలు పసిబిడ్డ వఱకు ఎండవానలు తగులక ఊరు చేరుచుండిరి. నారుమడికి కావలసినదియు ఆ గూడే. చక్రములు మాత్రము అక్కఱలేదు.

చలిదేశముల వారును ఇట్టి కప్పులను చిరకాలముగా వాడుచున్నారు. పారిసు నగరపు తోటమాలులు గంటను బోలిన గాజుపాత్రలను ఒక్కొక్క మొక్కపై బోర్లించుచుండిరి. వానికి క్లోషులని పేరు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు గంట యనియే యర్థము. తరువాత అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున ఎమెరీ ఎమ్మర్టు అను ఆచార్యుడు 1948లో గాజునకు బదులు పారదర్శకమగు ప్లాస్టికు పొరతో మొక్కల యిల్లు కట్టి చూపెను. పిమ్మట కమ్ములను వంచి వానిపై ప్లాస్టికు కప్పిన సొరంగపు మడులు అనేక దేశములకు వ్యాపించినవి. వీని యన్నిటికిని ఉద్దేశ మొక్కటే. సూర్యుని వేడిని లోపలికి రానిచ్చి, బయటికి పోనీయక, మంచు కురియు దేశమున మొక్కను వెచ్చగా నుంచుట.

నేను చేసిన తప్పు ఇచ్చటనే యున్నది. కొన్ని యేండ్ల క్రిందట ఒక విదేశపు పుస్తకములో ఆ బొమ్మలను చూచి, మన ప్రాంతపు ఒక గ్రామమున ఒక రైతు మడికి బద్దలు నాటించి, పైన తెల్లని ప్లాస్టికు పట్టా కప్పించితిని. ఆ రాత్రి పెద్దవాన కురిసెను. నారుకు చుక్క తగులలేదు. రైతు సంతోషించెను, నేను అంతకంటె సంతోషించితిని. మఱునాడు మబ్బు విడి యెండ కాసెను. నేను వేఱొక యూరికి బోయి మధ్యాహ్నము తిరిగి వచ్చునప్పటికి పట్టా లోపలి వైపున నీటిబొట్లు కారుచుండెను. చేయి పెట్టిన కాలునంత ఆవిరి. నారు నేలకు వ్రాలి యుండెను. రైతు నన్నేమియు అనలేదు. ఆయన తల్లిగారు మాత్రము వంగి చూచి, "ఇడ్లీగిన్నెకు మూత పెట్టినట్టు పెట్టాం గదండీ బాబుగారూ" అని నవ్విరి. ఆ నవ్వు నాకు ఏ పరీక్షలోను రాని పాఠము నేర్పినది. చలిదేశపు మొక్కకు కావలసిన వేడియే మన మొక్కకు శత్రువు. వంపును తెచ్చుకొన వచ్చును. కప్పును మనమే యెంచుకొనవలెను.

మన నారునకు శత్రువులు మూడు. మొదటిది ఎండ. మొలక తల యెత్తు దినములలో పైమన్ను ఒకపూట యెండినను మొలక మాడిపోవును. రెండవది వానదెబ్బ. పెద్ద చినుకు లేతమొక్కను వంచును, విత్తనమును మట్టితో కూడ కొట్టుకొనిపోవును, బురదను ఆకులపై చిమ్మును. మడిలో నీరు నిలిచినచో మన్నులోని శిలీంధ్రము మొదలును పట్టి నారుకుళ్లు పుట్టించును. సాయంకాలము పచ్చగా నున్న మడి ఉదయమునకు చాపవలె పడియుండుటకు కారణ మిదియే. మూడవది రసము పీల్చు పురుగు. తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను ఒక మొక్కనుండి మఱియొక మొక్కకు మోయును. తామరపురుగు గీరిన యాకు పైకి ముడుచుకొనును. నల్లి పట్టిన యాకు క్రిందికి ముడుచుకొనును. వైరస్ ఎంత లేతప్రాయమున తగిలిన నష్ట మంత యెక్కువ. పూతకు వచ్చిన మొక్క కొంత కాచి చచ్చును. మడిలోనే తగిలిన మొక్క గిడసబారి, ఎఱువు తినును గాని కాయ యీయదు.

ఈ మూటికిని తగిన కప్పు సన్నకన్నుల తెల్లని నైలాను వల. అంగుళమునకు 40 లేక 50 కన్నులు గల వలను అడిగి కొనవలెను; అంగళ్లలో దీనినే 40 మెష్, 50 మెష్ అందురు. ఈ వలలో గాలి యాడును గనుక ఆవిరి నిలువదు. వెలుతురు చాలినంత వచ్చును. పెద్ద చినుకు వలపై బడి తుంపరయై దిగును. తెల్లదోమ దూరలేదు. తామరపురుగు దానికంటె సన్ననిది గనుక కొన్ని దూరవచ్చును. అయినను బయటి మడికిని లోపలి మడికిని భేదము కంటికి కనబడును.

కట్టు విధము చెప్పెదను. 40 మీటరుల మడిని ఒకే పొడవున చేయక, 10 మీటరుల చొప్పున నాలుగు మడులు చేయుడు. నడుమ నడచుటకును నీరు పోవుటకును అడుగున్నర కాలువ విడువుడు. వెదురును చీల్చి 7 అడుగుల బద్దలు తీయుడు. కణుపులను అంచులను కత్తితో నున్నగా గీయవలెను. లేనిచో వల చిరుగును. బద్దలను ఒకరాత్రి నీట నానవైచిన విఱుగక వంగును. పైతోలు వెలుపలివైపున నుండునట్లు వంచి, రెండు కొనలను ముప్పాతిక యడుగు చొప్పున నేలలో దింపుడు. ఈ కొలతకు విల్లు వెడల్పు మూడున్నర అడుగులు, నడుమ ఎత్తు సుమారు ఒకటిముప్పాతిక అడుగు వచ్చును. మడి యంచులు లోపల నిముడును. వల నారును తాకదు.

నాలుగడుగుల కొక విల్లు చొప్పున ఒక మడికి 9, నాలుగు మడులకు 36 బద్దలు పట్టును. మడి రెండు చివరల గట్టి మేకులు పాతి, విండ్ల నడినెత్తిపై కొబ్బరితాటిని బిగించి ప్రతి విల్లునకు ముడివేయుడు. ఈ వెన్నుతాడు లేని గూడు మొదటి గాలికే ప్రక్కకు ఒరిగిపోవును. వల వెడల్పు ఏడున్నర అడుగులు, పొడవు మడికి 39 అడుగులు కావలెను. అన్ని ప్రక్కలను అడుగు మేర నేలపై పఱచి మట్టితో కప్పుడు. ఒక ప్రక్కను మాత్రము మట్టికి బదులు ఇసుకసంచులతో అదిమిన, కలుపు తీయునప్పుడు ఎత్తుట సులభము. ఇద్దఱు మనుష్యులు ఒకపూటలో ముగించు పని యిది.

గూడు కట్టిన వెంటనే కాపు మనదే యని నిద్రపోరాదు. కొన్ని నియమములు కలవు.

మొదటిది, కప్పు ముందు, మొలక తరువాత. విత్తనము పోసి, నీరు చల్లి, ఆ దినముననే వల వేయవలెను. పది దినములు జరిగిన పిమ్మట తెల్లదోమ చేరిన మడిపై వల కప్పుట దొంగను లోపలబెట్టి తలుపు గడియ వేసినట్లగును. పాత మిరప, వంగ, టమాటా తోటల ప్రక్కన మడి వేయకుడు.

రెండవది, నీడను మితముగా వాడుడు. విత్తనము పోసిన పిమ్మట పలుచగా వరిగడ్డి పఱచి, మొలకలు కనబడిన సాయంకాలమే తీసివేయుడు. ఎండ తీక్ష్ణముగా నున్నచో వలపై తాటాకులు గాని ఆకుపచ్చని నీడవల గాని మధ్యాహ్నవేళ మాత్రము కప్పవచ్చును. దినమంతయు నీడలో నుంచిన నారు పాలిపోయి, తీగవలె సాగి, పొలములో నిలువలేదు.

మూడవది, ప్లాస్టికు పట్టాను మడియొద్ద చుట్టి యుంచుకొనుడు. గాలివాన వచ్చు సూచన యున్నప్పుడు వలపై పఱచి, రెండు చివరలను తెఱచి యుంచుడు. వాన వెలిసిన గంటకే తీయుడు. పట్టా అతిథివంటిది, రాత్రికి ఉండవచ్చును గాని కాపురమునకు రాకూడదు.

నాలుగవది, నీరు. చిల్లులమూతి డబ్బాతో వలపైనుండియే చల్లవచ్చును. గూటిలో తడి త్వరగా ఆరదు గనుక బయటి మడికి పోసినంత పోయకుడు. నారుకుళ్లు కనబడినచో లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్లు తడియునట్లు పోయుడు.

అయిదవది, నారును రాటుదేల్చుట. ఆఱు వారముల నారును నాటుటకు ముందు వారము నీరు తగ్గించి, చివరి మూడు నాలుగు దినములు వల తీసి యెండకు గాలికి అలవాటు చేయుడు. ఇంటిలో ముద్దుగా పెరిగిన పిల్లవానిని ఒక్కసారి మండుటెండలో నాగలి పట్టించిన తాళగలడా?

ఇక ఆక్షేపణలు. గ్రామములలో నేను విన్నవానికి సమాధానము చెప్పుట నా విధి.

"మా తండ్రులు గూళ్లు కట్టిరా?" అని కొందఱు. కట్టలేదు. వారు తమ చేనికాయలనుండి తీసిన విత్తనమును దోసిళ్లతో చల్లిరి. సగము చచ్చినను సగము మిగిలెను. నేడు మీరు కొను సంకరవిత్తనము 10 గ్రాముల పొట్లములలో వచ్చుచున్నది. వెలకు తగినట్లు కాపాడుట న్యాయము గదా! బంగారమును మూటగట్టి వీధి యరుగుపై బెట్టి నిద్రించువా డెవడు?

"నాటిన పిమ్మట పొలములో పురుగు రాకమానునా? అప్పటికి నీ వల యెక్కడ?" అని మఱికొందఱు. ఈ ప్రశ్న సమంజసమైనది. 2021-22 పంటకాలమున త్రిప్స్ పార్విస్పినస్ అను క్రొత్తజాతి తామరపురుగు ఆంధ్ర తెలంగాణముల మిరపతోటల పూతలో చేరి చేసిన నాశనము మనము మఱువలేము. ఎందఱో రైతులు నిలిచియున్న తోటలను దున్నివేసిరి. నారుమడి గూడు అట్టి దానిని ఆపునని నేను చెప్పను, చెప్పిన అసత్యమగును. గూడు చేయునది నాటునాటికి ఆరోగ్యమైన మొక్కను మీ చేతి కిచ్చుట మాత్రమే. పిమ్మటి యుద్ధము పొలములో వేఱుగా నున్నది. అయితే జ్వరముతో యుద్ధమునకు బోవు భటునికిని, కడుపునిండ తిని పోవు భటునికిని భేదము లేదా?

"నర్సరీలో ట్రేనారు దొరకుచుండగా ఈ శ్రమ యేల?" అని యింకొందఱు. కొనగలవారు కొనుడు, నమ్మకమైనచోట కొని, రకము పేరుతో రసీదు తీసికొనుడు. కాని అదనున అందఱు నొక్కసారి పరుగెత్తినప్పుడు నారు వెల రైతుచేతిలో నుండదు. అది యే రకమో కాయ కాచు వఱకు తెలియదు. సొంతమడిలో ఆ రెండు చింతలును లేవు. మఱియు రెండెకరములు కౌలునకు చేయువానికి మొదటి నెలలోనే నారుకొఱకు రొక్కము తీయుట ఎంత కష్టమో ఆలోచింపుడు.

ఇప్పుడు నా అసలు మనవికి వచ్చుచున్నాను. గూటికి అడ్డుపడునది తెలివితక్కువతనము కాదు. వల చిల్లరగా కొనుటకు వెల యెక్కువ. నిండుచుట్ట కొనుటకు ఒక్క రైతునకు అక్కఱ లేదు. ఒక చుట్టను పదిమంది పంచుకొనినచో పని జరుగును. పదిమంది పంచుకొను పనియే సహకారము. 1904లో సహకారపరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు వడ్డీవ్యాపారి పట్టునుండి రైతును విడిపించుట ముఖ్యోద్దేశము. నేటికిని సంఘము అనగానే అప్పు, ఎఱువుబస్తా యను రెండు మాటలే మనకు తోచుచున్నవి. ఒక సెంటు నారు చచ్చుటచే తీరని అప్పు ఎంత యున్నదో సంఘపు పుస్తకములలో వేఱుగా వ్రాయరు. వ్రాసిన మన పెద్దలు ఈపాటికి వల కొనియుండెడివారు.

కావున నేను కోరునది యిది. సంఘము వేసవిలోనే వలచుట్టలను, వెదురును టోకున కొనవలెను. వలను మడికి సరిపోవు 39 అడుగుల తునుకలుగా కత్తిరించి, అంచులు కుట్టించి, సభ్యులకు స్వల్పమగు అద్దెకు ఈయవలెను. చిన్నకమతము వారికిని కౌలుదారులకును మొదటి వరుస యుండవలెను. ఏలయన రెండవమారు విత్తనము కొనలేనివారు వారే. మిరపనారు తీసిన పిమ్మట ఆ తునుకలే శీతకాలపు టమాటా, వంగ, క్యాబేజి నారులకు పనికివచ్చును. పని తీరగానే నీట కడిగి, ఆరబెట్టి, ఎండ తగులని గదిలో చుట్టి దాచిన, ఒకే వల పలుమడులను కాచును. తిరిగి యిచ్చునప్పుడు చిరుగు కనబడినచో కుట్టుకూలి తీసికొనుటకు ఎవరును సంకోచింపరాదు. ఉమ్మడిసొత్తు చెడుట ఎక్కడ మొదలగునో మన మందఱ మెఱుగుదుము.

సంఘము కదలువఱకు ఊరకుండవలెనా? అక్కఱలేదు. ఈ యేడు ఒక్క 10 మీటరుల మడికి గూడు కట్టుడు. తక్కిన మూటిని ఎప్పటివలె వదలుడు. విత్తనము, ఎఱువు, నీరు, పోసిన దినము అన్నియు సమానముగా నుండనిండు. నాటునాడు ఒక్కొక్క మడినుండి నాటదగిన మొక్క లెన్ని వచ్చెనో లెక్కించి వ్రాసికొనుడు. నా మాట నమ్మవలదు; మీ లెక్కను నమ్ముడు. ఆ కాగితముతో సంఘపు సర్వసభ్య సమావేశమునకు రండు. వ్యవసాయ ప్రదర్శకుడు పదిసార్లు చెప్పిన మాటకంటె, తోటి రైతు చూపిన ఒక్క లెక్క బలమైనది.

నారు పీకిన పిమ్మట గూడు విప్పి బద్దలను అటుకపై దాచునప్పుడు, ఆ సెంటు నేల మరల బోసిగా కనబడును. దానివైపు ఎవరును చూడరు. అందఱును పొలమువైపే చూతురు. అయినను ఆ పొలము బాగుపడుట చెడుట ఈ సెంటులోనే మొదలైనదని కట్టినవాడు మాత్రము ఎఱుగును.